నలభై మీద నిలిచిన ముల్లు

మా నాయనకు తన చెవి మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. బండి ఎంత వేగంతో పోతోందో మీటరు ముల్లు చూసి తెలుసుకోవడం చేతకానివాళ్ళ పని అని ఆయన లెక్క. తొంభైల దశకంలో ఆయన లారీలు తోలినన్నాళ్ళూ ఒక్క లారీలోనూ మీటరు పనిచేసిన పాపాన పోలేదు. అద్దం వెనక ముల్లు సున్నా దగ్గర పడుకుని ఉండేది. ఆ అద్దం మీదే ఎవరో ఒక దేవుడి బొమ్మ అంటించి, శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టేవాళ్ళు. పనిచేయని వస్తువుకు దండం పెట్టి సరిపెట్టుకోవడంలో మావాళ్ళను మించినవాళ్ళు లేరు.

నడుము నొప్పి వచ్చి లారీ మానేశాక ఆయన ఒక వ్యాను కొన్నాడు. కొత్తచెరువు చుట్టుపక్కల పల్లెల పిల్లల్ని ధర్మవరంలో ఒక ప్రైవేటు బడికి తీసుకుపోయి తీసుకురావడం పని. ఆ బడిలోనే నేను మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. రోజూ నాయన పక్క సీట్లో కూర్చుని పోయేదాన్ని కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ సీట్లోంచి చూసిందే.

ఆ వ్యానుకు మొదట ఉన్న ఇంజను అరిచేది. ముప్పై దాటితే కిటికీ అద్దాలు గజగజ వణికేవి, నలభై వచ్చేసరికి నా సీటు వెనకభాగం వీపుకు తగిలి జుయ్యిమని మోగేది. ఆ మోత వినగానే నాయన కాలు సడలించేవాడు. "సూసినావా, నలభై. మీటరు గూడా అదే అంటాది సూడు" అని నాకు చూపించేవాడు. నిజంగానే ముల్లు నలభై మీదే ఉండేది. ఆ గర్వంతో ఆయనకు ఆ రోజంతా గడిచిపోయేది.

ఒక ఎండాకాలం ఆ ఇంజను బిగుసుకుపోయింది. బాగుచేయడం కంటే మార్చడం మేలని నలుగురూ చెప్పారు. ఈ నలుగురు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు గానీ మా ఇంట్లో చెడిపోయిన ప్రతి పని వెనకా వాళ్ళే ఉంటారు. నాయన పాత సామాన్ల దుకాణంలో వేరే రకం బండిది ఇంజను, గేరుబాక్సు రెండూ కలిపి సంపాదించి హిందూపురంలో పేరున్న ఒక మేస్త్రికి అప్పగించాడు. బడికి సెలవులు కాబట్టి బండి తెచ్చుకునే రోజు నేనూ వెంట వెళ్ళాను.

ఆ మేస్త్రి షెడ్డు ఒక దర్బారు. మధ్యలో మేస్త్రి స్టూలు మీద కూర్చుని ఉంటాడు. చుట్టూ అరిగిన టైర్ల మీద నలుగురు కూర్చుని టీ తాగుతూ ఉంటారు. వాళ్ళకు బండ్లూ లేవు, పనీ లేదు, అభిప్రాయాలు మాత్రం ఉన్నాయి. మేస్త్రి సగం తెలుగు, సగం కన్నడం కలిపి ఏదో అంటాడు, వాళ్ళు తలలూపుతారు. ఒక మనిషి తప్పు మాట్లాడటానికి ఇంతమంది సాయం కావాలా అనిపించింది నాకు.

కొత్త ఇంజను స్టార్టు చేశారు. మెత్తగా, పిల్లి గురకలాగా మోగింది. నాయన మొహం వెలిగిపోయింది. షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిప్పి వచ్చాడు. నేను మీటరు చూశాను. ముల్లు కదల్లేదు.

"మీటరు తిరగడం లేదు" అన్నాను.

మేస్త్రి నా వైపు చూడలేదు. "పాప ఏమంటాండాదన్నా?" అని నాయన్ని అడిగాడు. నేను మాట్లాడింది తెలుగే.

నాయన చెప్పాక మేస్త్రి ఓపికగా, బడికి పోని బిడ్డకు చెప్పినట్టు చెప్పాడు. "ఈ గేరుబాక్సు పాతకాలందమ్మా, కేబులుతో మీటరు తిరిగేది. మీ బండి మీటరేమో వైరుతో పనిచేసేది. దీనికీ దానికీ కుదర్దు. కుదరల్లంటే గేరుబాక్సుకు సెన్సారని ఒకటి ఏయల్ల. అది ఎలక్ట్రీషియన్ పని, నాది గాదు."

"అయితే వేయించండి" అన్నాను.

"ఎందుకమ్మా దుడ్లు దండగ! మీటరు సూసుకుంటా తోలేది కొత్తగా నేర్చుకునేటోళ్ళు. మీ నాయనకు మీటరు కావల్నా?"

టైర్ల మీది నలుగురూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా నాయన. పొగడ్త అనుకున్నాడు పాపం.

ఆ తర్వాత పూజ మొదలైంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు, టెంకాయ కొట్టారు, ముందు బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాలన్నారు. కట్టడానికి దారం దొరకలేదు. మేస్త్రి బండి కిందికి దూరి, ఊరికే వేలాడుతున్న మీటరు వైరులో జానెడు ముక్క కత్తిరించుకొచ్చి దానితో నిమ్మకాయ కట్టాడు. వేగం చెప్పాల్సిన వైరు దిష్టి తీసే పనిలో చేరింది. నాయన దండం పెట్టుకున్నాడు. నేను పెట్టలేదు.

బడి తెరిచాక నాకు భయం పట్టుకుంది. కొత్త ఇంజనుకు మోత లేదు. అద్దాలు వణకవు, సీటు మోగదు. నాయన మాత్రం ఆ పాత మోత కోసమే ఎదురుచూస్తూ తొక్కేవాడు. బండికి ఇంజను మారింది గానీ ఆయన చెవిలో పాత ఇంజనే ఉంది. దారి పక్క కరెంటు స్తంభాలు ఒకదాని వెంట ఒకటి తరుముకొచ్చేవి. వెనక పిల్లలు మలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడి నవ్వేవాళ్ళు.

"నాయనా, స్పీడు పోతాండావు."

"నలభై గూడా లేదు. ఇనపడ్డంలా?"

"ఏమీ వినపడటం లేదు, అదే చెప్తున్నా."

"ఇంజను బాగుంటే అట్లే ఉంటాది. ఊరికే కూర్చో."

మొదట గొంతెత్తింది ఒక గొర్రెలామె. కొత్తచెరువు దాటాక రోడ్డు పక్కనే వాళ్ళ ఇల్లు. ఆమె పిల్లలిద్దరూ మా వ్యానులోనే వచ్చేవాళ్ళు. ఆ ఇంటికి ఇవతల, ఆమె పొద్దున్నే మందను రోడ్డు దాటించే చోట, నాయన దూరం నుంచే హారన్ కొట్టేవాడు. అది వినగానే ఆమె మందను రోడ్డు మీదికి తోలేది, బండి చేరేసరికి రోడ్డు ఖాళీగా ఉండేది. ఏళ్ళ తరబడి ఇద్దరికీ కుదిరిన పద్ధతి అది. ఒకరోజు ఆమె రోడ్డుకు అడ్డంగా కట్టె పెట్టి వ్యాను ఆపేసింది. ఆమెకు నెమ్మదిగా మాట్లాడటం రాదు.

"ఏమప్పా, కండ్లు నెత్తికెక్కినాయా? నువ్వు హారన్ కొట్టినాక మంద మొత్తం దాటుకునేది. ఇప్పుడు సగం గూడా దాటకముందే మీదికొచ్చి పడతాండావు!"

నాయన కిటికీలోంచి తల బయట పెట్టి, "నేను ఎప్పుడొచ్చినట్లే వస్తాండా. నీ గొర్రెలే బలిసినాయి, నడ్సలేకుండా ఉండాయి" అన్నాడు.

వ్యానులో పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. ఎక్కబోతున్న తన పిల్లలిద్దరినీ చేతులు పట్టి కిందికి లాక్కుంది. మర్నాటి నుంచి వాళ్ళు ఆర్టీసీ బస్సులో పోయారు.

ఆ మాట ఊళ్ళలో పాకింది. ఇంకో రెండు మూడు ఇళ్ళవాళ్ళు గొణిగారు. సంగతి బడి కరస్పాండెంటు దాకా పోయింది. ఆయన మా వ్యాను మెట్టు కూడా ఎప్పుడూ ఎక్కినవాడు కాదు. నాయన్ని గదిలోకి పిలిచి, కూర్చోమనకుండా, "మీటరు లేని బండిలో పసిపిల్లల్ని ఎలా పంపిస్తామయ్యా? నెలాఖరులోగా మీటరు పనిచేయాలి. ముల్లు నలభై దాటకూడదు. లేదంటే పిల్లల్ని ఇంకో వ్యానుకు మార్చేస్తాను" అన్నాడు.

నాయన బయటికి వచ్చి మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాడు. నాకు జాలేసింది. లారీ తోలినన్నాళ్ళూ ఆయన్ని నమ్మి ఎవరూ ఇంటి తాళం కూడా ఇచ్చి ఎరగరు. అలాంటి మనిషికి తల్లులు తెల్లారేసరికి తలలు దువ్వి బిడ్డల్ని అప్పగిస్తున్నారు. పిల్లల వ్యాను ఆయన అని పిలిపించుకోవడం ఒక్కటే ఆయన జీవితంలో సంపాదించుకున్న మర్యాద. అది పోతే ఆయన మళ్ళీ ఎవరికీ ఏమీ కాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆదివారం ఇద్దరం పెనుకొండ వెళ్ళాం. అక్కడ మీటర్ల పనికి పేరున్న ఎలక్ట్రీషియన్ ఉన్నాడని మళ్ళీ ఆ నలుగురే చెప్పారు. దుకాణం నిండా రంగురంగుల వైర్లు, గోడకు మేకులకు వేలాడే మీటర్లు. మనిషి మర్యాదగా ఉన్నాడు. అంతా విని ఒకే ప్రశ్న అడిగాడు.

"బండి అమ్మేదానికా అన్నా, బాడిగకా?"

"రెండూ కాదు. బడి వ్యాను. పిల్లోళ్ళను స్పీడు తోల్తాండానని ఊరంతా గోల. మీటరు పనిచేయల్లంటాండారు."

"ఓ, బడి వ్యానా!" అని ఆయన నవ్వాడు. "సరేలేన్నా, అర్థమాయ."

"సరిగ్గా చూపించాలి" అన్నాను నేను.

"సరిగ్గానేనమ్మా" అని నాయన వైపు చూసి కన్ను గీటాడు. మగవాళ్ళు ఇలా కన్ను గీటుకున్న ప్రతిసారీ ఎక్కడో ఒక ఆడదాని పని చెడుతుందని నాకు అప్పటికే తెలిసి ఉండాల్సింది.

పని మాత్రం ముచ్చటగా చేశాడు. గేరుబాక్సులో కేబులు దూరాల్సిన బొక్కలో, చిన్న పళ్ళ చక్రం తగిలించి సెన్సారు బిగించాడు. వైరు జానెడు తక్కువైంది. ముక్క ఎక్కడ పోయిందని వెతికి, బంపరు మీద ఎండిపోయిన నిమ్మకాయను చూసి తల కొట్టుకున్నాడు. ఇంకో వైరు అతికి మీటరుకు కలిపాడు. బండి కదిలించగానే ముల్లు లేచింది. నాయన చిన్నపిల్లాడిలా "లేసింది, లేసింది!" అన్నాడు.

ఆ పది పదిహేను రోజులు మా వ్యాను అంత మంచి బండి జిల్లాలో లేదు. కరస్పాండెంటు తానే వచ్చి ముందు సీట్లో కూర్చుని, ఊరి చివరిదాకా పోయి, నలభై మీద నిలిచిన ముల్లును చూసి వెళ్ళాడు. తల్లిదండ్రులు కిటికీలోంచి తొంగిచూసి తృప్తిపడ్డారు. వాళ్ళ బిడ్డలు ముందులాగే మలుపుల దగ్గర ఒకరి మీద ఒకరు పడుతున్నారని ఎవరూ చూడలేదు. ముల్లు కనబడుతుంటే పిల్లల్ని ఎవరు చూస్తారు? ఒళ్ళు చెప్పే మాట నేను వింటూనే ఉన్నాను, ఇది నలభై కాదు అని. కానీ అడిగి పెట్టించుకున్న మీటరును నేనే కాదంటే నన్ను పిచ్చిదనేవాళ్ళు.

నాయన గొర్రెలామె దగ్గర కూడా బండి ఆపాడు. "రా, కూర్చోని సూడు. నలభైకి ఒక్క గీత దాటదు" అన్నాడు.

"ముల్లు నాకెందుకప్పా?" అంది ఆమె. "నా గొర్రెలు దాటల్ల."

తర్వాత వారమే అది జరిగింది. పొద్దున, వ్యాను నిండా పిల్లలు. నాయన హారన్ కొట్టాడు, మంద దాటుతోంది, ముల్లు నలభైకి కొంచెం కిందే ఉంది. నాయన నింపాదిగా బ్రేకు మీద కాలు పెట్టాడు. బండి ఆగలేదు. గట్టిగా తొక్కాడు. వెనక క్యారియర్లన్నీ సీట్ల కింద దొర్లుకుంటూ ముందుకు వచ్చాయి, పిల్లలు ముందు సీట్లకు కొట్టుకున్నారు. మందలో చివరి గొర్రె మాకు తగిలింది. మెత్తటి చప్పుడు. పిల్లల్లో ఎవరికీ పెద్ద దెబ్బ తగల్లేదు, కానీ నవ్వడం ఆపేశారు.

గొర్రెలామె పరుగెత్తి వచ్చింది. ఆరోజు ఆమె అరవలేదు. చచ్చిన గొర్రెను రెండు చేతులతో ఎత్తుకుని, వ్యానులో పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూసింది. తర్వాత నాయన్ని చూసింది. గొర్రెను ఎత్తుకునే ఇంటి వైపు పోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

బడిలో పిల్లల్ని దించాక నాయన నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "నలభైలో ఉంటే ఆడ నిలిచిపోవల్ల పాపా. బ్రేకు బాగుండాది. ఎట్ల తగిల్నాది?"

ఆ సాయంత్రం పిల్లల్ని ఇళ్ళకు చేర్చి, ఖాళీ బండి తీసుకుని పెనుకొండ వైపు పోయాం. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు ఉంటాయి. అవి ఎవరి మెప్పు కోసమూ అబద్ధం చెప్పవు. నలభైలో పోతే ఒక రాయి నుంచి ఇంకో రాయికి ఒకటిన్నర నిమిషం పట్టాలి. నాయన ముల్లును సరిగ్గా నలభై మీద నిలిపాడు, నేను చేతి గడియారం చూస్తూ కూర్చున్నాను. నిమిషం కూడా పట్టలేదు. మళ్ళీ చూడమన్నాడు. చూశాను. అదే.

నాయన బండి పక్కకు ఆపి దిగి, ఆ రాయి మీదే కూర్చున్నాడు. "అంటే అరవై పైన" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఆ బిడ్డల్ని..." అని ఆపేశాడు. అంతవరకూ ఆయన చెవి మీద నాకున్న కోపమంతా అక్కడే చల్లారిపోయింది.

ఆదివారం దాకా ఆగలేదు. మర్నాడు బడి వదిలాక ఎలక్ట్రీషియన్ దగ్గర ఉన్నాం.

"మీటరు తక్కువ చూపిస్తాండాదప్పా" అన్నాడు నాయన.

ఆయన మొహం విప్పారింది. "ఔనన్నా, తక్కువ చూపించేదే ఏసినా! బాగుండాదా?"

ఆయనే వివరంగా చెప్పాడు, అందులో దాచుకోవాల్సింది ఏదీ ఆయనకు కనబడలేదు. బండి అమ్ముకునేవాళ్ళు వస్తే మీటరులో కిలోమీటర్లు తక్కువ పడేట్టు చేస్తాడు. ఆఫీసులకు బాడిగకు పెట్టేవాళ్ళకు ఎక్కువ పడేట్టు చేస్తాడు. సెన్సారుకు తగిలించే చక్రానికి పళ్ళు ఎక్కువుంటే మెల్లగా తిరిగి తక్కువ చూపిస్తుంది, తక్కువుంటే ఎక్కువ చూపిస్తుంది. అంతే విద్య.

"బడి వ్యాను, స్పీడని గోల అంటివి గదన్నా. అమ్మానాయనలు సూసేది ముల్లునే. అది తక్కువుంటే వాళ్ళకూ నెమ్మది, నీకూ నెమ్మది. నువ్వు నోరిడిచి అడగలేకపోతివని నేనే అర్థం చేసుకుంటి."

"సరిగ్గా కావాలని చెప్పాను కదా!" అని అరిచాను నేను.

"అందరూ అట్లే అంటారు గదమ్మా" అన్నాడు, నిజంగా నొచ్చుకుని. "సరిగ్గా కావల్లని వచ్చినోడు ఇంతవరకూ ఒక్కడు గూడా లేడు."

దొంగను తిట్టొచ్చు. ఇంత మంచి మనసుతో మోసం చేసేవాణ్ణి ఏమని తిట్టాలి? సరైన పళ్ళ చక్రం వెతకడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఎవరూ అడగని సరుకు కాబట్టి డబ్బా అడుగున, దుమ్ములో ఉంది. అది బిగించాక ఆయన్ని కూడా ఎక్కించుకుని, రాయి నుంచి రాయికి గడియారం పెట్టి చూసి, ముల్లూ రాళ్ళూ ఒకే మాట చెప్పేదాకా నేను దిగనివ్వలేదు.

నిజమైన నలభైలో పోవడం మొదటిరోజు నాయనకు నడిచిపోతున్నట్టు అనిపించింది. బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయింది. కరస్పాండెంటు పిలిచాడు.

"ఇన్నాళ్ళూ ఇదే నలభైలో వేళకు వచ్చావు కదయ్యా?"

నాయన దాచకుండా మొత్తం చెప్పాడు. పిల్లల్ని అరవై మీద తెచ్చానని తన నోటితోనే చెప్పాడు. కరస్పాండెంటు పెన్ను తిప్పుతూ ఆలోచించి, "సరే, అదే పెట్టించెయ్" అన్నాడు.

"ఏది సార్?"

"పాత చక్రం. మీటరు నలభై చూపించింది, బండి వేళకు వచ్చింది. ఎవరికీ ఇబ్బంది లేదు కదా?"

నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆయన బల్ల వెనక గోడ మీద సత్యమే పలకవలెను అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ రాతకు ఏడాదికోసారి రంగు కూడా వేయించేవాడు.

"కుదర్దు సార్" అన్నాడు నాయన. "పొద్దున ఇంకా ముందే బయల్దేరతా."

దాంతో తల్లిదండ్రులు మొదలుపెట్టారు. అంత పొద్దున పిల్లల్ని ఎవరు లేపుతారు, అన్నం ఎప్పుడు వండాలి, ఇదివరకు బాగానే పోయేది కదా! స్పీడని గోలపెట్టినవాళ్ళే ఇప్పుడు ఆలస్యమని గోలపెట్టారు. కొందరు వేరే వ్యానుకు మారిపోయారు. దానికి మీటరు ఉందో లేదో ఎవరూ అడగలేదు. సీట్లు ఖాళీ అవుతుంటే నాయన మాట్లాడటం తగ్గించాడు. ముల్లు వైపు, రోడ్డు వైపు, మళ్ళీ ముల్లు వైపు చూస్తూ తోలేవాడు.

ఒక పొద్దున దూరంగా మంద కనబడింది. నాయన ఎప్పటి చోటే హారన్ కొట్టాడు. గొర్రెలు రోడ్డెక్కాయి. మేము నలభైలోనే పోతున్నాం. మొదటివి దాటాయి, నడిమివి దాటాయి, చివరి గొర్రె అవతలి గట్టు దిగిపోయాక గానీ మేము అక్కడికి చేరలేదు. రోడ్డు ఖాళీగా ఉంది. అయినా నాయన బండి ఆపి కూర్చున్నాడు.

ఆమె కట్టె భుజాన వేసుకుని ఇంటి వైపు చూసి ఏదో కేకేసింది. బస్సు కోసం సంచులు తగిలించుకుని నిలబడ్డ పిల్లలిద్దరూ పరుగెత్తుకొచ్చారు. వాళ్ళను వెంటబెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. మీటరు వైపు కన్నెత్తి చూడలేదు.

"ఏమప్పా" అంది. "నా గొర్రెలు సన్నబడినాయిలే. దాటుకున్నాయి."

తలుపు తానే లాగి ఇద్దరినీ లోపలికి తోసి, మంద వెనక వెళ్ళిపోయింది. నాయనకు గేరు వేయడానికి కాసేపు పట్టింది.